మొక్కు జడలు

విశాఖపట్నం వెళ్లొచ్చినవాళ్లు ముందుగా సముద్రం గురించి చెబుతారు. నేనూ చెబుతాను, కాకపోతే కాస్త ఆగాలి. ఈసారి నేను వెళ్లింది సముద్రం చూడటానికి కాదు. మా మేనల్లుడి తలనీలాలు సింహాచలం కొండ మీద ఇప్పించడానికి.

వాడికి ఏడేళ్లు. పేరు సింహాచలం. ఇంట్లో అందరం సింహం అంటాం. ఈ సింహానికి నడుము దాకా రెండు జడలు. వాడి తల్లి సునీత, అంటే మా తమ్ముడి భార్య, రోజూ పొద్దున్నే నూనె రాసి, పాయలు తీసి, రిబ్బన్లు కట్టి బడికి పంపుతుంది. బళ్లో వాణ్ణి ఆడపిల్లల వరసలోకి తోసి నవ్వుకునే వెధవలు ఉన్నారు. వాడు ఎవరితోనూ పోట్లాడడు. జడ పట్టుకుని లాగితే మాత్రం చెయ్యి కొరికేస్తాడు.

ఆ జడల కథ ఇది. వాడు నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్నప్పుడు మా తమ్ముడు శ్రీను మొక్కుకున్నాడు. బిడ్డ దక్కితే తన ఒళ్లో కూర్చోబెట్టుకుని సింహాద్రి అప్పన్నకు పుట్టు వెంట్రుకలు ఇస్తానని. శ్రీను అప్పటికే విశాఖ పోర్టులో ట్రైలరు లారీ తోలుతున్నాడు. ఆ కొండ పక్కనుంచే రోజూ తిరిగేవాడు. మొదటి ఏడు పిల్లాడు బలహీనంగా ఉన్నాడని ఆగారు. మూడో ఏట తీయిద్దామనుకున్నారు. ఆ ఏడే శ్రీను ఇంటికి రావడం తగ్గించాడు. ముందు నెలకోసారి, తర్వాత పండక్కి, ఆ తర్వాత ఫోను మాత్రమే, చివరికి ఆ నంబరూ పనిచేయలేదు.

మా అమ్మ ఒక మాట పట్టుకుని కూర్చుంది. మొక్కుకున్నవాడే మొక్కు తీర్చాలట. మనవడు నా జుట్టు ఎప్పుడు తీస్తారని అడిగినప్పుడల్లా, మీ నాన్న వచ్చి తీయిస్తాడు అనేది. నాలుగేళ్ల పాటు ఇదే చెబితే పిల్లాడు ఏమనుకుంటాడు? జుట్టు ఉన్నంతకాలం నాన్న రావాల్సిన పని ఒకటి మిగిలి ఉంటుందనుకున్నాడు. ఎవరి చేతిలోనైనా కత్తెర కనబడితే జడలు రెండూ పట్టుకుని మంచం కిందికి దూరేవాడు.

ఈ జూన్‌లో వాడికి కొత్త బడి. జడలతో వస్తే చేర్చుకోమని అక్కడి పెద్దసారు చెప్పేశారు. సరిగ్గా అదే సమయానికి విశాఖలో ఉంటున్న నా స్నేహితురాలు ఎస్తేరు కంచరపాలెంలో కూరగాయలు కొంటున్న శ్రీనును గుర్తుపట్టి, నంబరు తీసుకుని నాకు పంపింది. ఫోను చేశాను. తిట్టాల్సినవన్నీ తర్వాతకి దాచుకుని, నీ కొడుక్కి ఏడో ఏడు కూడా వెళ్లిపోతోందిరా, కొండకు రా అన్నాను. వస్తానన్నాడు. సునీత మాత్రం రానంది. తాడేపల్లిగూడెం స్టేషన్లో పిల్లాడి సంచి నా చేతికిచ్చి, "ఆయన వచ్చినా రాకపోయినా తల తీయించే తీసుకురండి వదినా. కానీ వాణ్ణి బలవంతం చేయొద్దు," అంది. ఈ రెండూ ఎలా కుదురుతాయో చెప్పకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

పాత ఊళ్లో రిబ్బన్లు

తుని దాటాక వాడి రిబ్బను ఒకటి రైలు కిటికీలోంచి ఎగిరిపోయింది. మొదటి ఆపద అదే. ఒంటి రిబ్బనుతో నాన్నకు కనబడనని పేచీ పెట్టాడు. ఎస్తేరు ఇంట్లో సంచి పడేసి, ఆమె పెట్టిన అన్నం తిని, ఆ సాయంత్రమే రిబ్బన్ల కోసం విశాఖ పాత ఊరి బజారుకు బయల్దేరాం.

విశాఖ ఎండ మా గోదావరి ఎండలా కాల్చదు, ఉడకబెడుతుంది. ఎస్తేరు మేడ మీద ఆరేసిన తెల్ల చీర దించేటప్పటికి సన్నటి మసి పట్టి ఉంది. పోర్టులో బొగ్గు దించే రోజు ఇంతేనట. ఆమె భర్త అక్కడే క్రేను నడుపుతాడు. మా ఇద్దరికీ ఒకే బళ్లో పాఠాలు చెప్పిన నాటి స్నేహం. ఆమె చర్చికి వెళ్తుంది, నేను గుడికి వెళ్తాను, ఒకరి పండగ పిండివంటలు ఒకరం తింటాం.

పోర్టు రోడ్డు మీద ఆటోలో వెళ్తుంటే కంటైనర్లు మోసే ట్రైలర్లు వరసగా ఆగి ఉన్నాయి. సింహం ఆటోలోంచి సగం బయటికి వంగి ఒక్కో క్యాబిన్లోకీ చూస్తున్నాడు. నాన్నకి మీసం ఉంటుంది కదా అని నన్ను అడిగాడు. ఫోటోలో ఉందన్నాను. మీసం ఉన్న ప్రతి డ్రైవరునీ వాడు మెడ తిప్పి మరీ చూశాడు.

పూర్ణా మార్కెట్ దగ్గర గాజులూ రిబ్బన్లూ అమ్మే చిన్న కొట్టు. తెల్లగడ్డం, తలకు టోపీ, ముక్కు చివర కళ్లజోడు పెట్టుకున్న ముసలాయన పాపకి ఏ రంగు కావాలని అడిగాడు. పాప కాదు బాబు అన్నాను. అప్పటిదాకా ఆ మాట చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మాకైతే ఏడో దినానే తీసేత్తారమ్మా. ఆ ఎంట్రుకలు తూకమేసి, అంతెత్తు వెండి పేదోల్లకిచ్చేత్తాం. ఇన్నేల్లు ఎందుకుంచీసినారు?"

నాకంటే ముందే సింహం అందుకున్నాడు. "మా నాన్న తీయిస్తాడు. ఎల్లుండి."

ఎల్లుండి తీయించేదానికి ఇవాళ రిబ్బన్లు దేనికని ఆయన అడిగితే, నాన్న చూడాలి కదా అన్నాడు వాడు. ఆయన నా ముఖం వంక చూశాడు. నేను గాజుల వంక చూశాను. ఎర్ర రిబ్బను జత ఇరవై చెప్పి పదే తీసుకున్నాడు. నేను బేరం ఆడలేదు, ఆయనే తగ్గించాడు. దుకాణాల్లో ఎవరైనా ఇలాంటి దయ చూపిస్తే నాకు భయం వేస్తుంది.

తర్వాత బీచికి వెళ్లాం. జనమంతా సముద్రానికి ఎదురుగా కూర్చున్నారు. మావాడు ముంత మసాలా పొట్లం చేతిలో పెట్టుకుని రోడ్డుకి ఎదురుగా కూర్చున్నాడు. వచ్చే లారీలు కనబడాలట. బీచి రోడ్డు మీదికి ట్రైలర్లు రావని ఎంత చెప్పినా వినలేదు. సముద్రం గురించి చెప్పాలంటే కాస్త ఆగాలని మొదట్లో అన్నది అందుకే, నేనూ దాన్ని సరిగ్గా చూడలేదు.

యారాడలో ఫోను

మర్నాడు సాయంత్రం ఎస్తేరు ఇంటికి వచ్చి కొడుకుని చూస్తానని శ్రీను మాటిచ్చాడు. అంతదాకా వాణ్ణి ఇంట్లో కూర్చోబెడితే నిమిషానికోసారి గుమ్మంలోకి పరిగెడతాడని ఎస్తేరు మమ్మల్ని యారాడ తీసుకెళ్లింది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీదుగా దారి. ఒక మలుపులో నిలబడితే ఓడలు పోర్టులోకి దూరే కాలువ, దానికి అవతల మూడు గుట్టల మీద గుడి, చర్చి, దర్గా కనిపిస్తాయి. కొండ దిగితే కొబ్బరి తోటలు, ఇసుక మీద పడవలు, వలలు బాగుచేసుకుంటున్న మనుషులు. అక్కడ నీళ్లలోకి లోతుగా దిగనివ్వరు, సముద్రం లాగేస్తుందట.

నూకాలమ్మ అనే పెద్దావిడ తన ఇంటి ముందు పందిరి వేసి భోజనం పెడుతుంది. కానాగంతల పులుసు, అన్నం, ఉల్లిపాయ. మా వైపు చేపల పులుసులో మామిడికాయ ముక్క వేస్తాం, చింతపండు ముందురోజే నానేస్తాం. ఆవిడ అప్పటికప్పుడు పిసికి పోసింది, కారం మాత్రం రెండింతలు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా మూడుసార్లు వేయించుకున్నాను.

గాలికి సింహం జుట్టు చిక్కు పడిపోయింది. తల్లిని తప్ప ఎవర్నీ ముట్టుకోనివ్వనివాడు నూకాలమ్మ ముందు బుద్ధిగా కూర్చున్నాడు. ఆవిడ కొబ్బరినూనె చేతులతో చిక్కు తీసి జడలు గట్టిగా అల్లింది. మొక్కు జుట్టని చూడగానే తెలిసిపోయింది ఆవిడకి.

"ఈడి మావెవులు?" అని అడిగింది నన్ను. "ఒల్లో కూకోబెట్టుకోడానికి మేనమావ ఉండాల గదా."

సునీతకు అన్నదమ్ములు లేరు. నేను ఆ మాట చెప్పబోతుంటే, "మా నాన్న కూర్చోబెట్టుకుంటాడు," అన్నాడు సింహం. నాన్నైతే మరీ మంచిదంది నూకాలమ్మ. వాడు నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు తల ఎగరేశాడు.

అప్పుడే శ్రీను ఫోను. సాయంత్రం రాలేడట, డ్యూటీ పడిందట. రేపు పొద్దున్నే నేరుగా కొండ మీదికి వస్తాడట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎస్తేరు కళ్లతోనే వారించింది. కొడుకుతో మాట్లాడతావా అన్నాను. ఇవ్వమన్నాడు.

సింహం ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు. "నాన్నా, నేను సింహాన్ని," అన్నాడు. తర్వాత ఆఁ అన్నాడు, మళ్లీ ఆఁ అన్నాడు. అంతే, ఫోను నాకిచ్చేశాడు. కాసేపు ఇసుకలో కాలితో గీతలు గీసి, నాన్న వేరేలా మాట్లాడుతున్నాడు అన్నాడు. నిజమే. మా శ్రీను వస్తాను అనేవాడు. ఇప్పుడు వత్తాను అంటున్నాడు. ఏంటి పోయి ఏటి వచ్చింది. ఆ ఊరి మాట అంత చక్కగా నాలుకకు పట్టేసిందంటే అక్కడ వాడికి ఇల్లూ వాకిలీ ఉన్నాయన్న మాట. ఇంకొకావిడ ఉందని మా ఊళ్లో చెప్పుకోగా విన్నాను. అంతకుమించి నాకేమీ తెలియదు.

కొండ మీద

సింహాచలం చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడ స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. నిజరూపం వైశాఖంలో ఒక్కరోజే. ఘాట్ రోడ్డు పొడుగునా అనాసపండ్లు, పనస తొనలు, ఆకుల్లో చుట్టిన సంపెంగలు అమ్ముతుంటారు. అనాసపండు ముప్పై రూపాయలు. మా గూడెంలో అదే డబ్బుకి ఇందులో సగం పండు రాదు, ఈ వాసన అసలే రాదు.

తలనీలాలు తీసే హాలు లోపల ఎప్పుడూ తడిగా ఉంటుంది. గంధం వాసన, పసిపిల్లల ఏడుపులు, పెద్దవాళ్ల బుజ్జగింపులు. టిక్కెట్టు కొంటే బ్లేడు ఇస్తారు. మేం టిక్కెట్టు తీసుకుని బయట మెట్టు మీద కూర్చున్నాం. సింహానికి కొత్త చొక్కా, ఎర్ర రిబ్బన్లు. కింది నుంచి వచ్చే ప్రతి బస్సుకీ లేచి నిలబడతాడు, దిగినవాళ్లందర్నీ చూసి మళ్లీ కూర్చుంటాడు. తల్లుల భుజాల మీద గుండ్లతో పిల్లలు మా ముందు నుంచి వెళ్తున్నారు. లోపల జుట్టు తీసేవాళ్లలో ఖాళీగా ఉన్న ఓ పెద్దాయన, తెల్ల బనియను వేసుకున్నాయన, రండమ్మా అని పిలిచాడు. వాళ్ల నాన్న రావాలన్నాను. మళ్లీ పిలిచాడు. మళ్లీ అదే చెప్పాను. మూడోసారి ఆయన పిలవలేదు.

శ్రీను ఫోను కట్టేసి ఉంది. ఎండ మెట్ల మీదికి వచ్చింది. వాణ్ణి ఎత్తుకుని లోపల కూర్చోబెట్టి, గట్టిగా పట్టుకుంటే పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పక్కనే ఒక తండ్రి తన బిడ్డకు అదే చేస్తున్నాడు. నా చేతులు కూడా ఆ పని చేయగలవు. సునీత అన్న రెండో మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. సింహం నా కొంగు లాగి, "నాన్నకి బండి దొరకలేదేమో అత్తా. మనమే వెళ్లి తీసుకొద్దాం," అన్నాడు.

వెళ్లకూడదని నా మనసు చెబుతూనే ఉంది. అయినా వెళ్లాను. ఆ మెట్టు మీద వాడు ఇంకొక్క బస్సు కోసం లేచి నిలబడటం నేను చూడలేకపోయాను.

కంచరపాలెం

ఎస్తేరును ఫోను చేసి రమ్మన్నాను. ఆమెకు శ్రీను ఇల్లు తెలియదు, వీధి తెలుసు. రైలు పట్టాల వెంట పోయే సన్నటి వీధి. టిఫిను సెంటరు, ఇస్త్రీ బండి, వెల్డింగు షాపు, ఆ సందుల్లో ఇళ్లు. వెల్డింగు షాపులో అడిగితే, "ట్రైలరు సీను బావా? అదిగో, నీలం తలుపమ్మా," అని చూపించాడు ఓ కుర్రాడు. ఊరంతా ఎరిగినవాడయ్యాడన్నమాట మా తమ్ముడు.

తలుపు తీసే ఉంది. అరుగు మీద పాతికేళ్ల అమ్మాయి ఏడాది దాటిన ఆడపిల్లకు అన్నం తినిపిస్తోంది. ఆ పిల్లకు గుండు. గుండు నిండా ఎండిపోయిన గంధం. నా చేతిలో ఉన్న సింహం చెయ్యి బిగుసుకుంది. నాకంటే ముందు వాడే చూశాడు.

శ్రీను అక్కనని చెప్పాను. ఆ అమ్మాయి గబగబా చెయ్యి కడుక్కుని, నేను వెనక్కి తగ్గేలోపే నా కాళ్లకు దండం పెట్టింది. పేరు గౌరి అట. తనను చేసుకున్నందుకు మీవాళ్లు ఈయనతో మాట్లాడటం లేదు కదా, ఇన్నాళ్లకు మనసు కరిగిందా అంటూ సంబరపడిపోయింది. చాప వేసింది, మంచినీళ్లు తెచ్చింది. నేను ఆ పిల్ల గుండు వైపే చూస్తున్నానని గమనించి చెప్పింది. "మొన్న లచ్చివారం అప్పన్న కొండ మీద తీయించినామండి. నాకు అన్నదమ్ముల్లేరు. ఈయనే ఒల్లో కూకోబెట్టుకున్నారు. పాప ఏడుత్తుంటే ఈయనా ఏడిసేసినారు."

సింహం కూర్చోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి, జడలు రెండూ తెచ్చి ఛాతీ మీద వేసుకున్నాడు. ఫోటో తీయించుకునేటప్పుడు అలా వేస్తుంది సునీత.

శ్రీను లోపల్నుంచి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. మీసం లేదు, చిక్కిపోయాడు. నన్ను చూసి ఆగాడు. ఆ తర్వాత వాణ్ణి చూశాడు. జడలు చూశాడు. వాడి ముఖం చూశాడు. మా తమ్ముణ్ణి పుట్టినప్పట్నుంచీ ఎరుగుదును, ఆ చూపులో వాడికేం తెలిసిందో నాకు తెలుసు.

గౌరి మాత్రం పిల్లాడి దగ్గరికి వెళ్లి గడ్డం పట్టుకుంది. ఎంత జుట్టో అని మురిసిపోయింది. పేరడిగింది.

"సింహాచలం," అన్నాడు వాడు, తండ్రినే చూస్తూ.

మా వైపు ఈ పేరు మగవాళ్లదే. ఇక్కడ ఆడవాళ్లకూ పెడతారని నాకు అప్పుడే తెలిసింది. తన పిన్ని పేరు కూడా సింహాచలమేనని నవ్వింది గౌరి. శ్రీను వైపు తిరిగి అడిగింది. "మీ అక్కగారి పాపేనా అండి?"

ఆ జవాబు నాది కాదు. తమ్ముడికి కావాల్సినంత సమయం ఇచ్చాను. బయట గూడ్సు బండి ఒకటి పోతోంది. శ్రీను తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు.

"ఆఁ. మా అక్క కూతురే," అన్నాడు.

సింహం కదల్లేదు. గుండు పిల్ల తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి వాడి ఎర్ర రిబ్బను పట్టుకుని లాగింది. జడ లాగితే చెయ్యి కొరికేవాడు, మెల్లగా ఆ వేళ్లు విడదీసి, నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు.

శ్రీను వీధి మలుపు దాకా మా వెనకే వచ్చాడు. సింహాన్ని ఎస్తేరు పట్టాల వైపు తీసుకెళ్లింది. నేను దాచుకున్న తిట్లన్నీ ఆ క్షణాన ఎటు పోయాయో, ఒక్కటీ నోటికి రాలేదు.

"గౌరికి తెల్దక్కా. పెల్లయిందని తెల్దు, బాబున్నాడని తెల్దు. మెల్లగా సెప్తాను. రేపు కొండకి తప్పకుండా వత్తాను, ఒట్టు."

"రావద్దు," అన్నాను. "రేపు నువ్వు కొండ మీద కనబడితే, అక్కడి నుంచి నేరుగా వచ్చి గౌరితో నేను మాట్లాడతాను."

వాడు తల దించుకున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడవలేదు. ఏడ్చి ఉంటే కొంచెం జాలిపడి ఉండేదాన్ని. గౌరికి తెలియాల్సింది తర్వాత నేనే ఫోను చేసి చెప్పాను. అది ఆమె బతుకు సంగతి, ఇక్కడ రాయను.

మళ్లీ కొండ

ఆ సాయంత్రం ఎస్తేరు వంజరం చేప ముక్కలు వేయించింది. సింహం రెండు తిని, వేళ్లు నాక్కుంటూ, "రేపు జుట్టు తీయించెయ్ అత్తా," అన్నాడు. మామూలుగా, ఇంకో ముక్క వెయ్యి అన్నట్టుగా. ఎస్తేరు వాడి తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. వంటింట్లోకి వచ్చి, పిల్లాడికి అర్థమైపోయిందే అంది. నేనూ అదే అనుకున్నాను. గుండె బరువెక్కింది, అబద్ధమెందుకు, తేలికైంది కూడా. నేను చెప్పాల్సిన మాట వాడే తెలుసుకున్నాడనుకున్నాను.

పొద్దున్నే కొండెక్కాం. తెల్ల బనియను పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టాడు. ఎవరి ఒళ్లో కూర్చుంటాడు, నాన్నా మావయ్యా అని అడిగాడు. నేను చీర సర్దుకుని పీట మీద కూర్చోబోయాను. మేనత్త ఒళ్లో కూర్చోబెట్టే ఆచారం మాకు లేదు. ఎవరైనా అడిగితే జవాబు చెబుదామని సిద్ధపడే కూర్చోబోయాను.

"వద్దత్తా. నేనే కూర్చుంటాను," అన్నాడు సింహం.

"అయితే కదలకూడదు మరి. కదిలితే తెగుద్ది," అన్నాడు పెద్దాయన.

మొదటి మూడు కత్తెర్లు నన్నే వేయమన్నాడు. వేశాను. తర్వాత ఆయన జడలు రెండూ మొదళ్ల దగ్గర కత్తిరించి పక్కన పెట్టాడు, రిబ్బన్లతో సహా. నీళ్లు చల్లి బ్లేడు పెట్టాడు. వాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎదుటి గోడ వంక చూస్తూ, బొమ్మలా కూర్చున్నాడు. ఏడుస్తాడని ఎదురుచూసి నేనే ఏడ్చాను. జుట్టంతా పోయాక వాడి ముఖంలో మా శ్రీను చిన్నప్పటి ముఖం బయటపడింది. అది నాకు అస్సలు నచ్చలేదు.

స్నానం చేయించి, తలకు గంధం రాయించి బయటికి తీసుకొచ్చాను. దర్శనం వరసలోకి వెళ్దామంటే వాడు నన్ను మెట్ల వైపు లాగుతున్నాడు.

"ముందు కంచరపాలెం వెళ్దాం అత్తా."

ఎందుకని అడిగాను.

"జడలుండబట్టి నాన్న నన్ను గుర్తుపట్టలేదు. ఆడపిల్లననుకున్నాడు. ఇప్పుడు చూస్తే తెలిసిపోతుంది."

వాడు రాత్రంతా దాచుకున్నది ఇదన్నమాట. నాన్నకి డ్యూటీ ఉంది, మనకి రైలు టైమైంది, మళ్లీ వద్దాంలే. ఈ మాటలు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నాకూ నాలుక చివరి దాకా వచ్చాయి. అవి చెబితే వాడు ఇంకో నాలుగేళ్లు ఎదురుచూస్తాడు. మెట్టు మీద కూర్చుని వాణ్ణి ఎదురుగా నిలబెట్టుకున్నాను.

"నిన్ను గుర్తుపట్టాడురా. చూడగానే పట్టాడు. తెలిసే అలా అన్నాడు."

వాడు ఎందుకని అడిగాడు. ఆ అమ్మాయికి నీ సంగతి చెప్పలేదు, చెబితే ఏమవుతుందోనని భయం అన్నాను. తప్పు మీ నాన్నది, నీది కాదు, నీ జుట్టుదీ కాదు అన్నాను. వాడు గుండు మీద చెయ్యి పెట్టుకుని తడుముకున్నాడు. గంధం వేళ్లకు అంటింది. దాన్ని చొక్కాకు తుడుచుకున్నాడు.

"మళ్లీ పెంచితే వస్తాడా?"

"రాడు," అన్నాను.

అప్పుడు ఏడ్చాడు. నా ఒళ్లో ముఖం పెట్టి, భుజాలు ఎగిరిపడేలా ఏడ్చాడు. నా చీరంతా గంధం అయింది. వచ్చేపోయేవాళ్లు, గుండు చేయిస్తే ఏడుస్తున్నాడనుకుని వాణ్ణి చూసి ముద్దుగా నవ్వుకుంటూ వెళ్లారు. దర్శనానికి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ కప్పస్తంభాన్ని కౌగిలించుకుని ఏదైనా కోరుకుంటే జరుగుతుందంటారు. నేను టిక్కెట్టు కొనబోతే వాడు వద్దన్నాడు. పులిహోర మాత్రం రెండు పొట్లాలు తిన్నాడు.

ఇంటికి

మర్నాడు తిరుగు రైల్లో వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు. అనకాపల్లి దాటాక నా చెవి దగ్గరికి వచ్చి, అమ్మతో నాన్న వచ్చాడని చెబుదాం అన్నాడు. ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడని కూడా చెబుదామన్నాడు. లేకపోతే అమ్మ ఏడుస్తుందట. ఏడేళ్లవాడు తల్లికి చెప్పాల్సిన అబద్ధం ముందుగా అల్లుకుంటుంటే నాకు మా ఇంటి మీద, మా అందరి మీద ఒళ్లు మండిపోయింది.

కోప్పడితే వాడి మీద కోపమనుకుంటాడు. అందుకని మెల్లగానే చెప్పాను. నీ తల, నీ ఇష్టం, నువ్వేం చెప్పినా నేను అడ్డు రాను, కానీ మీ అమ్మ నన్ను అడిగితే మాత్రం నేను అలా చెప్పను అన్నాను. వాడు మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. సామర్లకోటలో వేరుశనక్కాయలు కొనిస్తే ఒలిచి నాకే పెట్టాడు, తను తినలేదు.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. సునీత గేటు దగ్గరే ఉంది. వాడి తల చూసి ఒక్క క్షణం గుర్తుపట్టలేనట్టు ఆగి, దగ్గరికి లాక్కుని గుండంతా నిమిరింది. మా అమ్మ మంచం మీద లేచి కూర్చుని లోపల్నుంచే అడిగింది, నాన్న వచ్చాడా, ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడా అని. వాడి తల మీద సునీత చెయ్యి ఆగిపోయింది.

సింహం నా వైపు చూశాడు. నేను సంచి దించుకునే పనిలో పడ్డాను. వాడేం చెబుతాడో నాకు తెలియదు.

వాడు తల మీదున్న తల్లి చేతిని కిందికి దించి, రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"రాలేదమ్మా. నేనొక్కణ్ణే కూర్చున్నాను. కదల్లేదు," అన్నాడు.